గట్టు మీద చెప్పులు

“మీ మృదుల ఒక్కతే సరూర్‌నగర్ చెరువు దిక్కు పోతుంటె చూసిన,” అని పక్కింటి అండాలమ్మ అనగానే కుసుమకుమారి చెప్పులేసుకుని బయటపడింది.

రాత్రే కదా, చెరువులో బోటింగ్ నడిపే కమలాకర్‌ని ప్రేమిస్తున్నానంటే కూతుర్ని కడిగేసింది! “తెలంగాణ ఉద్యమంలో జెండా పట్టుకు తిరిగేవాడా? రేపు మనల్నే ఆంధ్రకు పొమ్మంటే?” పిల్ల అన్నం తినకుండా పడుకుంది.

బంద్. ఆటోల్లేవు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి పరుగులాంటి నడకతో చెరువుకు వచ్చిపడింది.

గట్టు మీద మృదుల చెప్పులు. పక్కనే మడతపెట్టిన చున్నీ.

“అయ్యో, నా తల్లీ!”

తన చెప్పులెక్కడ జారిపోయాయో తెలియదు. ఒడ్డున కట్టేసిన బోటెక్కి నీళ్ళలోకి తొంగిచూడబోయింది.

“అమ్మా, ఆగు!”

బోటు అవతలి చివర మృదుల లేచి నిలబడింది. చేతిలో బ్రష్, ముక్కు మీద నీలం రంగు. పక్కనే కమలాకర్.

“బతికే ఉన్నావా!”

“చావడమేంటమ్మా? పెయింట్ వేస్తున్నాం. రంగుకు మట్టి అంటుతుందని చెప్పులు అక్కడ విప్పాను. నువ్వు చూడు, తడి రంగులో నిలబడ్డావు!”

కుసుమకుమారి కిందికి చూసుకుంది. పాదాలు రెండూ నీలం.

“జారిపోతాను! పట్టుకోండి!”

“జారరమ్మా,” అన్నాడు కమలాకర్. “కింది పూతల ఇసుక చల్లి ఆరవెట్టినం. గిది మీది పూత. గరుకు తెలుస్తలేదా?”

నిజమే! బాత్రూంలో కూడా గోడ పట్టుకు నడిచే మనిషి, ఊగే పడవలో ఏ ఆసరా లేకుండా నిలబడి ఉంది.

“ఇదంతా ఎందుకు?”

“మొన్న వానల మృదుల గిక్కడ్నే జారి పడ్డది. ఇంకెవ్వరు పడొద్దని.”

“పడిందా! నాకు చెప్పలేదే!”

“చెప్తే తలకు స్కానింగ్ తీయిస్తావని,” గొణిగింది మృదుల.

కుసుమకుమారి అతని వంక తేరిపార చూసింది. ఎవరో పడతారేమోనని ముందే భయపడే మనిషి ఈ లోకంలో తనొక్కతే అనుకుంది ఇన్నాళ్ళూ.

“మీకు రాష్ట్రం కావాలి కదా బాబూ. మధ్యలో మా పిల్లెందుకు?”

“రాష్ట్రం గావాలె. మృదుల గూడ గావాలె. రెండిట్ల దేన్నీ ఇడువ.”

తల్లి ముందే! కుసుమకుమారి నోరు తెరిచింది. మృదుల ముఖం నీలం రంగు చుట్టూ ఎర్రబడింది.

“మొదటిది ఢిల్లీవాళ్ళనడుగు,” అంది కుసుమకుమారి. “రెండోదానికి మీ అమ్మను తీసుకుని మా ఇంటికి రా. బంద్ లేని రోజు చూసుకుని.”

ఇద్దరూ కొయ్యబారిపోయారు. వాళ్ళకంటే ఎక్కువగా కుసుమకుమారే బిత్తరపోయింది.

“చూస్తారేం? దింపండి!”

మృదుల చెయ్యి చాచింది. ఆ చెయ్యి వదిలేసి ఆమె కమలాకర్ రంగు చెయ్యి అందుకుంది.

“గట్టిగా పట్టుకో బాబూ. నాకు భయమెక్కువ.”