మోటారు తోక

శవం పడవలో వెల్లకిలా పడి ఉంది. తల కింద లంగరు. లంగరు మీద రక్తం.

పడవ నది మధ్య బండరాళ్ళలో ఇరుక్కుపోయింది. వెనక మోటారుకున్న ప్రొపెల్లర్ మూడు రెక్కలూ విరిగి ఉన్నాయి.

సోమవారం ఉదయం ఏడున్నరకు కనిపించిన దృశ్యం అది. ఇవాళ బుధవారం. ఇన్‌స్పెక్టర్ దగ్గర అంతకు మించి ఒక్క ముక్క లేదు.

"నీళ్ళలో రాయి మోటారుకి తగిలింది. ఆ కుదుపుకి మనిషి ఎగిరి లంగరు మీద పడ్డాడు. ఇందులో ఇంకేముందమ్మా?" అన్నాడు పై ఆఫీసర్ ఫోన్లో.

"ఏళ్ళ తరబడి అదే దారిలో నడిపాడు సార్. ఆ రాళ్ళు తెలియవా?"

"ధ్యాస ఎక్కడో ఉండి ఉంటుంది. సాయంత్రానికి ఫైల్ క్లోజ్ చెయ్యి."

ఆమెకు ఒళ్ళు మండింది. పడవల నిపుణుడిని సోమవారమే పిలిచింది. రేపన్నాడు. మంగళవారం కూడా రేపన్నాడు. ఈ రోజు ఫోన్ స్విచాఫ్. రేవులో ఎవరిని అడిగినా చిలక పలుకులే. 'రాయి తగిలింది మేడమ్.'

"పదండి హెడ్డుగారూ. ఇంకోసారి ఆ ఇంటికి వెళ్దాం."

హెడ్ కానిస్టేబుల్ తుమ్మి, గొడుగు తీశాడు. వాన మూడు రోజులుగా విడవలేదు.

చనిపోయినవాడి తల్లి ముందు గదిలో కూర్చుని ఉంది. వీళ్ళు లోపలికి వచ్చీ రాగానే కోడలి వైపు వేలు చూపించింది.

"ఇదిగో, ఇదే. పొద్దున్నే వాడి మీద అరిచింది. టీ కూడా తాగకుండా పోయాడు. మనసు పాడైనవాడికి రాళ్ళు కనిపిస్తాయా? నా పెద్దోణ్ణి రాళ్ళ మీదకి తోసింది ఇదే!"

కోడలు టీ తెచ్చి ఇచ్చింది. రెండు కప్పులకీ అంచులు పగిలి ఉన్నాయి. హెడ్డు తన కప్పుని గుండ్రంగా తిప్పాడు. పెదవి తెగని చోటు వెతుకుతున్నాడు. అతని చూపు అద్దాల అల్మారా మీద పడింది. లోపల కొత్త కప్పులు తళతళలాడుతున్నాయి.

"అవి తియ్యం బాబూ," అంది తల్లి. "పాతవి ఉండగా కొత్తవి పాడుచేసుకుంటామా? మా చిన్నోడైతే నన్ను మించిపోయాడు. కొత్త చెప్పులు చంకలో పెట్టుకుని, తెగిన చెప్పులతో వానలో తిరుగుతాడు."

ఇన్‌స్పెక్టర్ ఖాళీ కప్పు తీసుకుని కోడలి వెనక వంటగదిలోకి నడిచింది.

"గొడవ దేనికి?"

కోడలు కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడు ముందు గదికి మాటలు వెళ్ళకుండా అడ్డం పడింది.

"పడవ అమ్మేద్దామనుకున్నాం మేడమ్. ఒడ్డునే కొట్టు పెట్టుకుందామని. మా మరిదికి చెప్పాలి కదా. ఇదిగో చెప్తా, అదిగో చెప్తా అని ఆయన నెల దాటించాడు. సోమవారం గట్టిగా అడిగాను. ఇప్పుడే చెప్పేస్తానని విసురుగా వెళ్ళాడు."

"ఎన్నింటికి?"

"అయిదు కాలేదు."

"మీ మరిది?"

"మోటారు షెడ్డులోనే పడుకుంటాడు."

"ఈ మాట ముందే చెప్పి ఉండొచ్చు కదా!"

"చెప్తే, పడవ అమ్మించిందీ నేనే, చంపిందీ నేనే అంటుంది అత్తయ్య." ఆమె ఖాళీ కప్పు అందుకుని తోమసాగింది. "నేను అరవకపోతే ఆయన రాళ్ళు చూసుకునేవాడా మేడమ్? అదొక్కటి తేల్చి చెప్పండి."

ఇన్‌స్పెక్టర్ హెడ్డుని తీసుకుని మోటారు షెడ్డుకి నడిచింది.

షెడ్డులో మోటారు చెక్క స్టాండుకి వేలాడుతోంది. చుట్టూ పోలీస్ సీల్. తమ్ముడు పక్కనే కూర్చుని పాత గుడ్డతో స్పానర్లు తుడుస్తున్నాడు.

"అన్నయ్య ఎప్పుడు పడవ తీశాడు?"

"చెప్పాను కదా మేడమ్. నిద్రలో ఉన్నాను. జనం కేకలకి లేచాను."

"నీకేమీ చెప్పలేదా?"

"లేదు." తుడిచిన స్పానర్ కింద పెట్టాడు. "ఈ సీల్ ఎప్పుడు తీస్తారు? మోటారు బాగు చేసుకోవాలి. ఇలా తడిగా వదిలేస్తే పాడైపోతుంది."

"మీ అన్న పోయి ఇంకా మూడు రోజులే."

"మోటారేం పాపం చేసింది మేడమ్?"

ఆమె విసుగ్గా ఖాళీ డ్రమ్ము మీద కూలబడింది. "సరే. మా నిపుణుడు ఎలాగూ రాడు. రాయి తగిలిన మోటారుని ఎలా బాగుచేస్తారో నువ్వే చెప్పు."

అతని మొహంలోకి వెలుగొచ్చింది.

"ముందు ప్రొపెల్లర్ విప్పాలి. అది తిరిగే షాఫ్ట్ కడ్డీని తిప్పి చూడాలి. ఊగితే వంగినట్టే. తర్వాత గేర్ ఆయిల్ కొంచెం వదలాలి. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్ళు చేరినట్టు. నీళ్ళు ఆపే రబ్బరు సీళ్ళన్నీ మార్చాలి. ఆఖర్న తోకకి వెల్డింగ్."

"తోకేంటి?"

"ఇదిగో, ప్రొపెల్లర్ కింద పలకలా ఉంది చూడండి. మోటారు మొత్తంలో బాగా కిందకి ఉండేది ఇదే. రాయి తగిలితే ముందు దెబ్బ దీనికే. కిందటేడు తగిలినప్పుడు సగం ఎగిరిపోయింది. నేనే అతికించి రంగేశాను. అతుకు కనబడుతోందా?"

ఆమె వంగి చూసింది. కనబడలేదు. అతుకే కాదు. గీత కూడా కనబడలేదు.

ఆమె చాలాసేపు వంగే ఉంది. తర్వాత ప్రొపెల్లర్ రెక్కల అంచుల మీద వేలు పెట్టి రాసింది.

"హెడ్డుగారూ, ఇంట్లోవాళ్ళని తీసుకురండి."

అత్తాకోడళ్ళు తడుస్తూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"మూడు రెక్కలు విరగ్గొట్టిన రాయి, వాటి కింద ఉన్న తోక మీద గీత కూడా పెట్టలేదు," అంది ఇన్‌స్పెక్టర్. "మూడు రోజులుగా అందరం రెక్కలే చూశాం. తోక ఎవరూ చూడలేదు."

"పక్కనుంచి తగిలి ఉండొచ్చు మేడమ్," అన్నాడు తమ్ముడు.

"ఉండొచ్చు. మరి సోమవారం విరిగిన లోహం లోపల తెల్లగా మెరవాలి కదా? ఈ అంచులు నల్లబడి, నాచు పట్టి ఉన్నాయి. ప్రొపెల్లర్ ఊడిపోకుండా పెట్టిన ఈ పిన్ను మాత్రం కొత్తది. ఇది కిందటేడు విరిగిన ప్రొపెల్లర్. సోమవారం బిగించారు. మంచి ప్రొపెల్లర్ ఎక్కడ?"

అతని చూపు తను పడుకునే మంచం కిందకి వెళ్ళింది.

"పాతది ఉండగా కొత్తది పాడుచేసుకుంటామా అన్నారు మీ అమ్మగారు," అంది ఆమె మెల్లగా.

తల్లి గుమ్మం పట్టుకుంది.

హెడ్డు మంచం కిందనుంచి ఒక మూట లాగాడు. ఉతికిన తువ్వాలు. లోపల గ్రీజు పూసిన ప్రొపెల్లర్. మూడు రెక్కలూ నిగనిగలాడుతున్నాయి.

తమ్ముడు చేతిలోని గుడ్డ కింద పెట్టాడు.

"అమ్మేస్తున్నానన్నాడు మేడమ్. నన్నొక్క మాట అడగలేదు. స్పానర్ చేతిలో ఉంది... తర్వాత తల లంగరు మీద పెట్టి పడవలో పడుకోబెట్టాను. తాడు విప్పితే ప్రవాహం ఎలాగూ రాళ్ళ దగ్గరికే తీసుకెళ్తుంది. మోటారు పగిలినట్టుండాలి. మంచి ప్రొపెల్లర్ మీద సుత్తి ఎత్తాను, కొట్టలేక పాతది బిగించాను. మంచిదాని మీదకి చెయ్యి రాలేదు."

"అన్న మీదకి వచ్చింది," అంది ఇన్‌స్పెక్టర్.

అతను చెయ్యి చాపి ప్రొపెల్లర్ మీద తువ్వాలు కప్పబోయాడు.

తమ్ముణ్ణి ఎక్కించుకుని జీపు వెళ్ళాక ఇన్‌స్పెక్టర్ కోడలి దగ్గరికి వచ్చింది.

"ఆయన ధ్యాస తప్పలేదు. రాళ్ళ దాకా ప్రాణంతో వెళ్ళనే లేదు."

"చెప్పమని పంపింది నేనే కదా మేడమ్."

ఈ ఒక్కటీ ఫైలులో రాయడానికి గడి లేదు. ఇన్‌స్పెక్టర్ ఆమె భుజం తట్టబోయి ఆగింది. అప్పుడే ఫోన్ మోగింది. పడవల నిపుణుడు.

"రేపు తప్పకుండా వస్తాను మేడమ్."

ఆమె ఫోన్ కట్ చేసింది.

ఇంట్లో తల్లి గోడకి చేరగిలబడి ఉంది. ఒకడు పోయాడు. ఒకణ్ణి తీసుకుపోయారు. కోడలు అద్దాల అల్మారా తెరిచింది. కొత్త కప్పు తీసి, టీ పోసి, అత్తగారి ముందు పెట్టింది.

తల్లి కప్పు వైపు చూసింది. ఏదో అనబోయింది.

తర్వాత రెండు చేతులతో కప్పు పట్టుకుని, కోడలి మొహం చూడకుండా, "నువ్వూ తాగమ్మా," అంది.