దూడకు పెట్టిన కొత్త పేరు

“ఇంకోసారి చెప్పవ్వా. యూ... రి... యా!”

ఆదివారం మధ్యాహ్నం. సంగటి తిని కాస్త నడుం వాలుద్దామనుకున్న వెంకటలక్ష్మమ్మను గోడకు ఆనించి కూర్చోబెట్టి, మనవరాలు పంచవర్ణం పాఠం చెబుతోంది. బెత్తం దొరక్క చీపురుపుల్ల పట్టుకుంది.

“ఊ... రియ్యా,” అంది అవ్వ బుద్ధిగా.

“ఊ కాదు, యూ! మూతి సున్నా మాదిరి పెట్టు.”

అవ్వ మూతి సున్నాలా పెట్టింది. ఉన్న నాలుగు పళ్లూ బయటపడ్డాయి. “ఊ... రియ్యా!”

వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుచుకు తింటున్న సరస కిసుక్కున నవ్వింది. సరస పంచవర్ణం క్లాసే.

ఇదంతా దూడ పేరు గొడవ. మూడు నెలల కిందట ఇంట్లో ఆవు ఈనింది. లక్ష్మి, గౌరి అనే పేర్లు పంచవర్ణానికి నచ్చలేదు. పాపారపట్టి చుట్టుపక్కల ఏ ఆవును చూసినా లక్ష్మే! అప్పుడే నాన్న నంజప్ప సొసైటీ నుంచి ఎరువు మూట తెచ్చాడు. ఆరో తరగతి పంచవర్ణం దాని మీది ఇంగ్లీషు అక్షరాల్ని కూడబలుక్కుని చదివింది. యూ-రి-యా! ఆహా, ఏం పేరు! నోట్లో కలకండ ముక్క కరిగినట్టే ఉంది.

“ఎరువు పేరు దూడకు పెడతావా?” అని నంజప్ప నోరు తెరిచాడు.

“పేడ కూడా ఎరువే కదా నాయనా!”

ఆ పేరే ఖాయమైంది. అవ్వకు మాత్రం నాలుక తిరగలేదు. పాపం, దూడకు కుడితి పెట్టేదీ, సాయంత్రమైతే మేత నుంచి ఇంటికి పిలిచేదీ ఆవిడే.

సరస నవ్వేసరికి పంచవర్ణానికి తల కొట్టేసినట్టయింది. “నువ్వు పిలిస్తే మంచి పేరు కూడా పాడైపోతాది. ఇంక దాన్ని పిలవొద్దవ్వా!”

అవ్వ ముఖం చిన్నబోయింది. “సరి అమ్మణ్ణీ. నీ దూడ, నీ పేరు. నేను పిలవనులే,” అని లోపలికి వెళ్లిపోయింది.

అన్నట్టే, సాయంత్రం అవ్వ పిలవలేదు. పిలుపు లేకపోయేసరికి దూడ తిన్నగా పోయి గోవిందన్ రాగిచేలో దూరింది.

“పొద్దు మునిగే లోపల తోలుకోని పో పాపా,” అన్నాడు గోవిందన్, గట్టు మీద కర్ర పట్టుకుని, దూడను వెతుక్కుంటూ వచ్చిన పంచవర్ణంతో. “లేకుంటే బందెల దొడ్డిలో పెట్టేస్తా.”

పరాయి చేలో మేసిన పశువుల్ని బంధించేది అక్కడే. పంచవర్ణం గబగబా చేలోకి దిగింది. పసిది, తల్లి పాలు లేకుండా రాత్రంతా ఎట్లా ఉంటుంది? దగ్గరికి పోతే దూడ ఇంకా లోపలికి ఉరుకుతోంది. గట్టెక్కి, మూతి సున్నా చేసి గట్టిగా పిలిచింది.

“యూరియా! యూరియా!”

దూడ చెవైనా ఆడించలేదు. పక్క చేలో నుంచి వేడియప్పన్ మాత్రం పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. “యూరియా వచ్చినాదా? ఏ సొసైటీలో?”

గోవిందన్ పొట్ట పట్టుకుని నవ్వాడు. పంచవర్ణానికి ఏడుపొచ్చింది. ఎవరికీ వినపడకుండా “ఊరియ్యా” అంది. దూడ తలెత్తి చూసింది. నువ్వెవరు అన్నట్టు మళ్లీ మేతలో పడింది.

పంచవర్ణం ఇంటికి ఒకటే పరుగు.

“అవ్వా, బిరిగా రా! దూడ గోవిందన్ మామ చేలో పడినాది. నువ్వు పిలిస్తేనే వస్తాది.”

అవ్వ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు. “నేను పిలిస్తే పేరు పాడైపోతాది కదా?”

“తప్పయిపోయినాదవ్వా!” పంచవర్ణం వెక్కుతూ అవ్వ మోకాళ్లు పట్టుకుంది. “నాకు నేర్పించు. నీ మాదిరే పిలుస్తా.”

అవ్వ చేట పక్కన పెట్టింది. లేచి, గోడవారన పడి ఉన్న చీపురుపుల్ల చేతిలోకి తీసుకుంది.

గట్టు మీద మళ్లీ పాఠం మొదలైంది. ఈసారి పంతులమ్మ మారింది.

“మూతిలో నుంచి కాదు అమ్మణ్ణీ, పొట్టలో నుంచి రావల్ల. ఊ... అని దాని చెవి దాకా సాగదీయి. ఆమీదట దగ్గరికి తీసుకున్నట్టు రియ్యా అను.”

“ఊ... రియా.”

“చాల్లేదు. ఇంకోసారి.”

ఏడోసారి అవ్వా మనవరాలూ గొంతు కలిపారు. “ఊ...రియ్యా!”

దూడ తోక పైకెత్తి, నాలుగు కాళ్లమీద గెంతుకుంటూ వచ్చి పంచవర్ణం పావడా అంచు నోట కరుచుకుంది. ఆ పేరు ఇంత బాగుంటుందని పంచవర్ణానికి ఇప్పుడే తెలిసింది.

“పాఠం బాగానే జరిగినాది,” అని గొణిగాడు గోవిందన్. “ఫీజు నా రాగి కట్టింది.”

మర్నాడు బళ్లో సరస అందరి ముందూ నాలుగు వేళ్లు పళ్లలా పెట్టుకుని అవ్వను అనుకరించింది. “ఊ... రియ్య!”

పిల్లలంతా గొల్లున నవ్వారు. పంచవర్ణం తలొంచుకోలేదు. కింద పడి ఉన్న పుల్ల ఒకటి ఏరుకుని సరస ఎదుట నిలబడింది.

“అట్ల కాదు సరసా, మా అవ్వ అంత బాగా రాలేదు నీకు. పొట్టలో నుంచి రావల్ల. ఏదీ, ఇంకోసారి చెప్పు!”