లోపలి టైరు

ప్రతిభ వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లుతూ లారీ దగ్గర ఆగిపోయింది. ఎడమ వెనక చక్రాలు రెండూ విప్పి, బండిని జాకీ మీద నిలబెట్టారు. గోడకు రెండు టైర్లు ఆనించి ఉన్నాయి. జంటలో బయటి వైపు ఉండేది ఒకటి, లోపల వేయడానికి మామ రామకిషన్ కొత్తగా తెచ్చింది ఇంకొకటి. పాతదాని మీద 9.00-20 అని ఉంది. కొత్తదాని మీద 10.00-20.

'రెండిట్లోనూ ఇరవై ఉంది. మరి ముందు అంకె ఎందుకు మారింది?' అనుకుంది.

అది తొంభై ఆరో సంవత్సరం. గడ్‌చాందూర్ చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు జోరుగా నడుస్తున్నాయి. మోకాలు దెబ్బతిని రామకిషన్ స్టీరింగు వదిలేశాక, రెండేళ్లుగా ఆయన కొడుకు, ప్రతిభ భర్త దత్తు ఘుగ్గుస్ గనుల నుంచి వాటికి బొగ్గు తోలుతున్నాడు. మూడు నెలల్లో లోపలి టైరు రెండుసార్లు పేలింది. నిన్నటి దెబ్బకు బండి పొలంలోకి దిగబోయి ఆగింది.

ఇంట్లోంచి రామకిషన్ గొంతు వినిపించింది. "రేపటి సంది వేరే డ్రైవర్ వస్తడు. నువ్వు ఇంట్ల కూసో."

"నేనేం చేసిన బాపు?"

"గుంతలు చూసుకోవు, ఉరుకుడే. నేను ఇరవై ఏండ్లు తోలిన, ఇట్ల ఎన్నడన్న పేలిందా?"

"అయితే ఇగ నేను ఆ బండి ముట్ట." దత్తు అంగీ వేసుకుని బయటికి వచ్చేశాడు. అతని కళ్లు ఎర్రబడ్డాయి.

ప్రతిభ లోపలికి వెళ్లి, జాకెట్లు కుట్టేటప్పుడు కొలిచే టేపు తెచ్చింది. మొదట పాత టైరు చుట్టూ, తర్వాత కొత్త టైరు చుట్టూ పట్టి చూసింది. నమ్మకం కుదరక మళ్లీ కొలిచింది. లారీ కుడి వైపుకు వెళ్లి అక్కడి టైర్ల మీది అంకెలూ చూసింది.

"మామా, ఒకపాలి ఇటు రాండ్రి."

"ఏందమ్మా?" రామకిషన్ కుంటుతూ వచ్చాడు.

"కుడి దిక్కు టైర్లు ఎందుకు పేల్తలెవ్వు?"

"ఏమో! నాకేం తెల్సు?"

"ఆడ రెండూ తొమ్మిదియ్యే. ఈడ బయట తొమ్మిది, లోపట పది. చుట్టుకొలత నాలుగు అంగుళాలు ఎక్కున్నది."

"అయితేంది? ఇరవై అంగుళాల చక్రం డిస్కుకు రెండూ ఎక్కుతయ్ గద."

"ఎక్కుతయ్. కాని ఎత్తు ఒక్కతీరు లేదు. బరువంత పెద్దదాని మీదనే పడ్తది, చిన్నది ఊకె ఈడ్చుకుంట పోతది. రెండూ ఒక్కటే ఇరుసుకు గద మామా."

"ఆడపిల్లవు, నీకేం తెల్సు బండి సంగతి" అనబోయి రామకిషన్ ఆగిపోయాడు. బయటి టైరును చేత్తో తడిమాడు. అది నేల మీద ఈడ్చినట్టు గీసుకుపోయి అరిగి ఉంది. టేపు తీసుకుని తనే కొలిచాడు.

గేటు దగ్గర నిలబడిన కొడుకు వైపు తిరిగాడు.

"దత్తూ... దొడ్డ టైరైతే గట్టిగుంటదనుకున్న. నువ్వు బొగ్గు బరువుతోని తిరుగుతవు, నీకేం కావద్దని మూడు నెలల సంది లోపట నేనే పదిది ఏయిస్తున్న. నిన్నే తిట్టుకుంట ఉన్న. తప్పు నాది బిడ్డా."

దత్తు దగ్గరికి వచ్చాడు. "ఇంట్ల కూసుండమన్నరు గదా!" అన్నాడు చిన్నపిల్లాడిలా.

"అన్న. ఇగ అనను."

మధ్యాహ్నం ముగ్గురూ చంద్రపూర్‌లోని టైర్ల దుకాణానికి వెళ్లారు. పది నంబరుది తిరిగిచ్చి తొమ్మిది ఇమ్మన్నారు. దుకాణదారు రెండు రకాలు చూపించాడు. ఒకదాని మీద నిలువు గీతలు, ఇంకోదాని మీద లోతైన అడ్డ గాట్లు.

"ఇదెందుకు, అదెందుకు?" అని ప్రతిభ అడిగింది.

"గీతలది ముందర చక్రాలకు, మలుపు బాగా తిరుగుతది. గాట్లది వెనకకు, గని తొవ్వల పట్టు దొరుకుతది," అని రామకిషనే చెప్పాడు. తర్వాత కొడుకును అడిగాడు: "ఏం తీసుకుందాం? తోలేది నువ్వు."

"గాట్లదే, బాపు."

మర్నాడు ఘుగ్గుస్‌లో బొగ్గు నింపుకుని తిరిగొచ్చేటప్పుడు రామకిషన్ కొడుకు పక్కన కూర్చున్నాడు. అలా ఎప్పుడు కూర్చున్నా, తన వైపు బ్రేకు లేకపోయినా ఉన్నట్టే కాలితో తొక్కుతూ, ప్రతి గుంతకూ అరిచేవాడు. ఈసారి గడ్‌చాందూర్ ఇంకా దూరం ఉండగానే ఆయన వైపు నుంచి ఏ చప్పుడూ లేదు.

దత్తు పక్కకు చూశాడు. తండ్రి తల వాల్చి నిద్రపోతున్నాడు.

దత్తు కళ్లు తుడుచుకుని, ముందున్న గుంతను నెమ్మదిగా తప్పించాడు.