పెట్టెకు తాళం ఏది?

హాస్టల్ గదిలో డిటోనేటర్ వైరు దొరికింది. ఎరుపూ పసుపూ పెనవేసిన వైరు. రెండు ముక్కలు.

పట్టుకున్నది ఎస్సై కరుణాకరం. ఆ వైరుతో డిగ్రీ రెండో ఏడు చదివే శ్రీకాంత్ ఉగ్రవాదుల మద్దతుదారు అయిపోయాడు. జైలుకెళ్లాడు. ఉగ్రవాద చట్టం సెక్షన్ పడ్డాక బెయిలు రావడం గగనం. సోమవారం నుంచే పరీక్షలు.

దర్యాప్తు డీఎస్పీ రమణి చేతికొచ్చేసరికి ప్రెస్‌మీట్ కూడా అయిపోయింది. గోరంతను కొండంత చేసి, ఇప్పుడు కొలవమని తనకిచ్చారు. ఆమెకు ఒళ్లు మండింది.

శనివారం ఉదయం పదింటికి జీపు స్టేషన్ ముందు ఆగింది. కానిస్టేబుల్ ఓబులయ్య పరుగెత్తుకొచ్చాడు. గేటుకు కట్టిన ముడి విప్పడానికే రెండు నిమిషాలు తిప్పలు పడ్డాడు.

"కేసేంటి?" లోపలికి వస్తూనే ఎస్సైని అడిగింది రమణి.

"వాట్సాప్ స్టేటస్ మేడం. ఎన్‌కౌంటర్‌లో చచ్చిన శ్రీరాములు ఫొటో పెట్టి జోహార్ అన్నాడు. నిషేధిత పార్టీవాడు."

"శ్రీరాములుది ఏ ఊరు?"

"అర్ధవీడు దగ్గర. వీడిదీ ఆ ఊరే."

"ఆ ఊళ్లో ఇంకెవరూ పెట్టలేదా?"

"చానామంది పెట్టినారు. వైరు మాత్రం వీడి దగ్గరే దొరికింది మేడం."

మూలన బెంచీ మీద నుంచి శ్రీకాంత్ తల్లి పుష్పమ్మ లేచింది. గొర్రెలు కాచుకునే మనిషి.

"ఊళ్లో ఎవురు సచ్చినా పిలకాయలు ఫొటో పెడతారు తల్లీ. మొన్న మా మేనత్త పోతే గూడా పెట్టినాడు. ఆయప్ప అడివిలో ఏం జేసినాడో మావోడికేం దెలుసు?"

"నువ్వు కూర్చో!" ఎస్సై గదిమాడు.

రమణి చేత్తో ఆపింది. "వైరు ఎక్కడ దొరికింది?"

"ట్రంకుపెట్టెలో."

"పెట్టెకు తాళం ఉందా?"

"లేదు మేడం."

"ఎట్లా తెరిచారు?"

"కటింగ్ ప్లేయర్‌తో."

"తాళం లేని పెట్టెకు కటింగ్ ప్లేయర్ ఎందుకయ్యా?"



రమణి పెట్టె తెప్పించింది. గొళ్లెం విరిగిపోయి ఉంది. దాని కన్నంలో ఎర్ర ప్లాస్టిక్ అరిగి అంటుకుంది. వైరు ముక్కలు రెండూ పక్కపక్కన పెట్టింది. కోసిన చివరలు తళతళలాడుతున్నాయి, ఒకదానికొకటి సరిపోయాయి. మిగతా చివరలు మాత్రం మాడి నల్లబడ్డాయి.

"వైరు పెట్టెలో లేదు. పెట్టెకు ఉంది. అదే తాళం. నువ్వే కోసి లోపల దొరికిందని రాశావు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు చేశావు సోదా!"

ఆమె పుష్పమ్మ వైపు తిరిగింది. "ఇది మీ ఇంటిదేనా?"

"నేనే కట్టిచ్చినా తల్లీ. పలకల గని కాడికి గొర్రెల్ని తోలుకపోతాం. రాళ్లకు తూటాలు పెట్టి పేల్చినాక ఈ తీగెలు ఊరికే పడుంటాయి. దొడ్డి కంపకూ ఇదే, గొర్రెపిల్ల మెడకూ ఇదే. ఇందులో తప్పేముంది?"

రమణి బయటికి నడిచింది. అందరూ వెనకాలే వెళ్లారు. గేటుకు వేలాడుతున్న ముడిని ఆమె పైకెత్తి చూపించింది. ఎరుపూ పసుపూ.

"ఇది ఎక్కడిది ఓబులయ్యా?"

"గడియ ఇరిగి ఏడాదైంది మేడం. ఈ పక్క అందరూ ఇదే గదా కట్టేది."

"కరుణాకరం గారూ, ముందు ఈ గేటును అరెస్టు చేయండి."



అక్కడి నుంచే ఎస్పీకి ఫోన్ చేసింది. అంతా విన్నాడాయన. "రిపోర్టు పంపు. ప్రెస్‌కు చెప్పేశాం కదా, రెండు రోజుల్లో మాట ఎలా మారుస్తాం? కోర్టు చూసుకుంటుందిలే."

ఫోన్ పెట్టేశాక రమణికి దాన్ని నేలకేసి కొట్టాలనిపించింది. ఆ రోజే రిపోర్టు రాసి పంపింది.

సోమవారం ఉదయం ఆమె మళ్లీ వచ్చింది. గేటుకు వైరు లేదు. కొత్త గడియ, కొత్త తాళం. రిపోర్టు వల్ల జరిగిన మేలు అంతే.

గేటు బయట పుష్పమ్మ హాల్‌టికెట్ పట్టుకుని నిలబడి ఉంది.

"తీగెది తప్పు లేదని తేల్చినారు గదా తల్లీ. మరి మావోడు యాడ?"

అక్కడ కాలేజీలో పరీక్ష మొదలైంది.