చూశానని రాసింది

దుమ్ము!

ముందంతా దుమ్మే. ఆ దుమ్ములో ఎక్కడో ఎర్ర పికప్ ట్రక్కు.

వెర్లీన్ యాక్సిలరేటర్‌ని నేలకి అదిమేస్తోంది. పాత బ్యూక్ కారు గజగజ వణుకుతోంది. కంకర రోడ్డు. రెండు వైపులా కోతకొచ్చిన వరి. అక్టోబరు మధ్యాహ్నపు ఎండ కళ్ళలో పొడుస్తోంది.

ఫోన్ స్పీకర్‌లో ఉంది.

"మేడమ్! వెంటపడొద్దు. వినిపిస్తోందా? కారాపండి!"

అటువైపు పోలీసు, డెప్యూటీ షెరీఫ్ లైల్ ప్రాక్టర్.

"ఆపితే ఆ అమ్మాయి రాష్ట్రం దాటి మెంఫిస్ చేరిపోతుంది లైల్! పిల్ల పక్కనే ఉంది. నా కళ్ళతో చూశాను!"

ఈసారి నిజంగానే చూసింది.

వెర్లీన్ స్ట్రౌడ్. యాభై ఎనిమిదేళ్ళు. ముప్ఫై ఏళ్ళు పోస్టాఫీసులో స్టాంపులమ్మి రిటైరైంది. ఇప్పుడు కోర్టు నియమించిన పిల్లల ప్రతినిధి. జీతం లేదు. కన్నవాళ్ళ దగ్గర ఉండలేని పిల్లల్ని సర్కారు వేరే కుటుంబాల్లో పెడుతుంది. వెర్లీన్ నెలకోసారి వెళ్ళి అలాంటి పిల్లని ఒంటరిగా కలవాలి. ఎలా ఉందో జడ్జికి రాయాలి. కుడి చెయ్యెత్తి ప్రమాణం చేసిన పని.

ట్రక్కులో ఉన్న టెస్సీ ఆమెకి అప్పగించిన పిల్ల. పదేళ్ళు. ట్రక్కు నడుపుతున్నది టెస్సీ అక్క షైలో. పంతొమ్మిదేళ్ళు. ఆమె చెల్లిని కలవకూడదని కోర్టు ఆర్డరుంది.

పెట్రోల్ బంకు దగ్గర కనిపించారు ఇద్దరూ. "టెస్సీ!" అని అరిచింది వెర్లీన్. అంతే... ట్రక్కు ఎగిరి దూకింది!

మలుపు!

ఎర్ర ట్రక్కు వెనక చక్రాలు జారాయి. ఒక పక్కకి... ఇంకో పక్కకి...

ధడేల్!

ముక్కు కాలవలో. తోక గాల్లో.

వెర్లీన్ బ్రేకు తొక్కి దూకింది. "టెస్సీ! తల్లీ!"

"కదలకు!"

ఆగిపోయింది.

షైలో చేతిలో తుపాకీ. బాతుల వేటకి వాడే పొడుగు తుపాకీ. గొట్టం సూటిగా వెర్లీన్ పొట్ట మీదకి.

"షైలో... అది దించమ్మా. చెల్లి జడుసుకుంటుంది."

"అబ్బో! దాని భయం ఇవాళ గుర్తొచ్చిందా నీకు?"

"నేను పిల్ల మంచి కోసమే..."

"చివరిసారి దాన్నెప్పుడు చూశావ్? చెప్పు!"

వెర్లీన్ పెదాలు తడుపుకుంది. "పోయిన నెల. పద్నాలుగున. రిపోర్టులో ఉంది."

ట్రక్కు తలుపు కిర్రుమంది.

టెస్సీ దిగింది. మోకాళ్ళ దాకా బురద. జుట్టు నిండా వరి పొట్టు.

"మీరు రాలేదు మిస్ వెర్లీన్."

అరవలేదు. ఏడవలేదు. టైమెంతయిందని అడిగితే చెప్పినట్టు చెప్పింది.

"జూన్‌లో వచ్చారు. మళ్ళీ రాలేదు. నేను వాకిట్లో కూర్చునేదాన్ని."

వెర్లీన్ చెవులు భగ్గుమన్నాయి.

జూలై. మాడు పగిలే ఎండ. బయల్దేరబోతుంటే ఫోన్. టెస్సీని ఉంచుకున్న ఇంటావిడ నడీన్. ఇద్దరిదీ ఒకే చర్చి. "ఈ ఎండలో ఏం వస్తావు వెర్లీన్? పిల్ల బంగారంలా ఉంది. నిన్న ఈత కూడా కొట్టింది. రాసేసుకో!"

రాసేసుకుంది. ఐసు వేసిన టబ్బులో కాళ్ళు పెట్టుకుని, టీవీలో క్విజ్ చూస్తూ... 'పిల్లని చూశాను. సంతోషంగా ఉంది.'

పిడుగు పడలేదు. ఎవరూ అడగలేదు.

ఆగస్టులో ఇంకా తేలికైంది. సెప్టెంబరుకి అలవాటైపోయింది.

"చెల్లిని నాకివ్వమని అర్జీ పెట్టుకున్నా," అంది షైలో. "చేపలు వేయించే హోటల్లో రెండు షిఫ్టులు చేసి గది తీసుకున్నా. దానికి మంచం కూడా కొన్నా. జడ్జి నీ కాగితం చదివింది. పిల్ల అక్కడే సంతోషంగా ఉందట! నాకు కోపమెక్కువట! ఆ తర్వాత దాన్ని చూడ్డానికి రెండుసార్లు గేటు దాకా వెళ్ళా. ఆర్డర్ తెచ్చారు నా మీద!"

"షైలో, నేను..."

"అక్కా, ఆ మాటలన్నీ తర్వాత!" టెస్సీ మధ్యలో దూరింది. "జూనీ సంగతి చెప్పు! మిస్ వెర్లీన్, మిస్టర్ గార్లండ్ మమ్మల్ని గాదెలోకి దింపుతాడు!"

"ఏంటీ?"

గార్లండ్ హాజ్. నడీన్ మొగుడు. రెండు వేల ఎకరాల వరి. ఇంటి వెనక నాలుగు ఇనుప గాదెలు. ఒక్కోటి మూడంతస్తుల ఎత్తు. లోపల వడ్లు గడ్డకడితే కిందికి జారవు. పై కన్నంలోంచి దిగి తొక్కాలి. కింద వడ్లని బయటికి లాగే మర తిరుగుతూనే ఉంటుంది. వడ్లు ఊబిలా లాగేస్తాయి. ఆ చుట్టుపక్కల మొనగాళ్ళలాంటి మగాళ్ళే పోయారు అలా.

పిల్లలైతే తేలిక. ఎదురు చెప్పరు. ఎవరితోనూ అనరు.

అన్నది!

జూన్‌లోనే అన్నది టెస్సీ. "నాకు రైస్ అంటే భయం మిస్ వెర్లీన్." వాళ్ళ భాషలో వడ్లకీ అన్నానికీ ఒకటే మాట. వెర్లీన్ నవ్వింది. బుగ్గ గిల్లింది. 'తిండి దగ్గర పేచీ పెడుతుంది' అని రాసుకుంది.

"ఇవాళ దిగమన్నాడు. నేను పొలానికి అడ్డంపడి పారిపోయా. బంకులో ఫోనడిగి అక్కని పిలిచా." మొదటిసారి పిల్ల గొంతు వణికింది. "ఆ ఇంట్లో నాతో పాటు పెట్టిన జూనీ అక్కడే ఉంది. నా బదులు దాన్ని దింపుతాడు. దానికి ఏడేళ్ళే!"

వెర్లీన్ షైలో వైపు తిరిగింది. "పోలీసులకి చెప్పలేదా?"

"చెబితే ఎవడు నమ్ముతాడు నన్ను?" షైలో కళ్ళు దించుకుంది. "నీ రిపోర్టు ఉందిగా."

సైరన్!

లైల్ కారు దుమ్ము చిమ్ముతూ వచ్చి ఆగింది. తలుపు వెనక నుంచి పిస్తోలు.

"తుపాకీ పడెయ్! పడెయ్ షైలో!"

పడేసింది. మోకాళ్ళ మీద కూర్చుంది. చేతులకి బేడీలు పడ్డాయి.

టెస్సీ లైల్ చొక్కా పట్టుకుని అన్నీ చెప్పింది. లైల్ ఒక్కసారి నవ్వబోయి మానేశాడు.

"గార్లండ్ హాజా? నాకు బేస్‌బాల్ నేర్పిన మనిషి పాపా ఆయన."

ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టాడు.

"జూనీయా? సోఫాలో బొమ్మల సినిమా చూస్తోంది." గార్లండ్ నవ్వు. "టెస్సీ దొరికిందా? దేవుడి దయ. నోరు తెరిస్తే అబద్ధం ఆ పిల్లకి. మిస్ వెర్లీన్‌ని అడుగు, చెబుతుంది."

ఆ నవ్వు వెనక ఏదో మోత. గుర్ర్ర్ర్...

"మర!" టెస్సీ కేక పెట్టింది. "మర తిరుగుతోంది! విను! విను!"

లైల్ ఫోన్ పెట్టేశాడు. వెర్లీన్ మొహంలోకి చూశాడు.

"పిల్ల బాగుందని రాసింది మీరే కదా. చెప్పండి. ఎవరిది అబద్ధం?"

ఒక సెకను.

రెండు.

ఆదివారం చర్చి కళ్ళముందు మెదిలింది. పక్క బెంచీ వాళ్ళ మొహాలు. జడ్జి మొహం. 'ఈ ఏటి ఉత్తమ సేవ' అని గోడకి వేలాడదీసిన పలక...

మూడు. నాలుగు.

టెస్సీ ఆమెనే చూస్తోంది. ఏమీ ఆశించని చూపు.

"నాది," అంది వెర్లీన్.

"ఏంటి?"

"ఆ రిపోర్టు అబద్ధం లైల్. పోయిన నెల నేను వెళ్ళలేదు."

పోయిన నెల! ఆ ఒక్కటే చెప్పింది. జూలై, ఆగస్టు గొంతులోనే ఉండిపోయాయి.

లైల్ తన కారు తలుపు లాగి తెరిచాడు. "అందరూ ఎక్కండి!"

తొమ్మిది నిమిషాల దారి. ఆరు నిమిషాల్లో!

గేటు. కుక్క. దుమ్ము. నాలుగు గాదెలు ఎండకి తళతళలాడుతున్నాయి. మూడో గాదె కింద లారీ. గొట్టంలోంచి వడ్లు బంగారు ధారలా లారీలో పడుతున్నాయి.

గార్లండ్ లారీకి ఆనుకుని నిలబడ్డాడు. టోపీ సర్దుకున్నాడు.

"ఇంత సైరనెందుకు లైల్? నా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేస్తాయి."

"జూనీ ఏది?"

"చెప్పాగా. లోపల."

వాకిట్లో నడీన్. చేతిలో గిన్నెలు తుడిచే గుడ్డ.

ఆమె కళ్ళు కదిలాయి.

పైకి. మూడో గాదె పైకప్పు మీద తెరిచి ఉన్న కన్నం కేసి!

"ఆపు!" లైల్ గర్జించాడు. "మర ఆపు!"

"తాళంచెవి... స్విచ్ పెట్టెకి తాళమేశా... దొంగల భయం..." గార్లండ్ జేబులు తడుముకుంటున్నాడు. చొక్కా జేబు. ప్యాంటు జేబు. మళ్ళీ చొక్కా జేబు. "ఇక్కడే... ఇక్కడే ఉండాలి..."

వడ్లు పడుతూనే ఉన్నాయి.

"జూనీ!" టెస్సీ అప్పటికే నిచ్చెన మీదుంది. ఉడుతలా ఎక్కేస్తోంది. కన్నంలోకి తల పెట్టింది. "ఉంది! గుండెల దాకా వడ్లలో ఉంది! తాడు పట్టుకుంది! ఆపండి!"

ఢాం!

లైల్ పిస్తోలు. తాళం ముక్కలై ఎగిరింది. పెట్టె తెరిచి మీట లాగాడు.

మోత ఆగింది.

ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఇనుము లోపల్నుంచి సన్నగా... దగ్గు!

"కాళ్ళు ఆడించకు జూనీ," పైనుంచి టెస్సీ మాట్లాడుతోంది. "ఆడిస్తే ఇంకా దిగుతావ్. నన్నే చూడు. నేనెక్కడికీ పోను. చూడు, నేను వచ్చానుగా."

వచ్చానుగా...

కింద నిలబడ్డ వెర్లీన్ ఆ మాట విన్నది. తల ఎత్తలేకపోయింది.

ఫైరింజన్లు. రంపాలు. గాదెకి రెండు వైపులా కన్నాలు కోశారు. వడ్లు కుప్పలు కుప్పలుగా కారాయి. నలభై నిమిషాలు. నడుముకి తాడు కట్టుకున్న మనిషి పైనుంచి దిగి, జూనీని చంకల కింద పట్టుకుని లాగాడు.

ఒక కాలికి బూటు లేదు. కళ్ళ నిండా దుమ్ము. ప్రాణం ఉంది!

షైలో బేడీలు తీసేశాడు లైల్. అవే బేడీలు గార్లండ్‌కి వేశాడు.

"నన్ను చూసి ఉమ్మేస్తున్నారా అందరూ?" గార్లండ్ వెర్లీన్ వైపు గడ్డమెగరేశాడు. "ఈవిడగారినీ చూడండి! మూడు నెలలు! మా ఆవిడ చెప్పిందల్లా రాసుకుంది. గడప తొక్కలేదు!"

అందరూ తిరిగారు. ఫైర్ వాళ్ళు. అంబులెన్స్ వాళ్ళు. లైల్.

"మూడు నెలలా?" అన్నాడు లైల్ నెమ్మదిగా. "ఒక నెలన్నారు."

వెర్లీన్ నడీన్ మీద విరుచుకుపడింది. "రావద్దన్నది నువ్వే కదా!"

"అనమన్నది ఆయన." నడీన్ గుడ్డని మెలిపెడుతోంది. "నువ్వు ఆగుతావనుకోలేదు వెర్లీన్. అది నీ పని కదా, వస్తావనుకున్నా. ప్రతి నెలా రోడ్డు వైపు చూశా. ఒక్కసారి వచ్చుంటే... చెప్పేద్దామనే ఉన్నా."

దానికన్నా తన్ని ఉంటే బాగుండేదనిపించింది వెర్లీన్‌కి.

లైల్ ఫోన్ మోగింది. జడ్జి ఎల్డ్రిడ్జ్. శనివారమైనా, పిల్లల్ని ఆ ఇంట్లోంచి తీసేసే ఆర్డరు కోసం ఆవిడనే పట్టుకున్నాడు. స్పీకర్‌లో పెట్టాడు.

"ఇద్దరు పిల్లల్నీ ఇప్పుడే తీసేస్తున్నాను. టెస్సీ ఈ రాత్రికి అక్క దగ్గరుంటుంది. మిగతాది సోమవారం కోర్టులో." ముసలి గొంతు. నెమ్మది గొంతు. "వెర్లీన్ స్ట్రౌడ్ అక్కడున్నారా?"

"ఉన్నాను మేడమ్."

"మీ నోటితో చెప్పండి."

చుట్టూ ఇరవై మంది. వెర్లీన్ నేలని చూస్తూ మొదలుపెట్టింది. జూలై. ఎండ. ఐసు టబ్బు. ఆగస్టు. సెప్టెంబరు. నడీన్ ఫోన్లు. రైస్ అంటే భయమన్న మాట. దాన్ని తను ఎలా రాసిందో.

అన్నీ చెప్పింది. ఒక్కటీ దాచలేదు.

అయిపోయింది. ఇంతకన్నా సిగ్గు ఉండదు. ఇక కిందికి జారడానికి మెట్టు లేదు...

"మీ చేతిలో ఇంకో కేసుంది," అంది జడ్జి.

వెర్లీన్ ఫోన్ వైపు చూసింది.

"డీలా. పదకొండు నెలల పాప. పోయిన వారం మీరు పంపిన కాగితం నా ముందే ఉంది. 'పాప ఆరోగ్యంగా ఉంది, రెండు పళ్ళొచ్చాయి' అని రాశారు."

ఎక్కడో దూరంగా కోత మిషన్ మోత.

"ఆ పళ్ళు మీరు చూశారా?"

షైలో తలెత్తింది. టెస్సీ, జూనీ చెయ్యి పట్టుకునే, ఇటు తిరిగింది.

"పాపని ఉంచుకున్నవాళ్ళు... ఫోన్లో చెప్పారు..."

"పాపని ఎప్పుడు చూశారు మిసెస్ స్ట్రౌడ్?"

"మే నెలలో."

ఫోన్లో ఊపిరి పీల్చిన చప్పుడు. "లైల్!"

లైల్ అప్పటికే పరిగెడుతున్నాడు. కారు తలుపు దభీమంది. ఇంజన్ గర్జించింది. కిటికీలోంచి తల పెట్టి అరిచాడు.

"అడ్రస్ చెప్పండి! ఏ రోడ్డు? ఏ నంబరు? త్వరగా మేడమ్!"

వెర్లీన్ నోరు తెరిచింది.

అడ్రస్ గుర్తు రాలేదు.