గోరువెచ్చని నీళ్లు

“రేపు గుడిలో నువ్వు ముందుకు వెళ్లకమ్మాయ్. నలుగురూ నవ్వుతారు.”

అత్తగారు ఇన్నాసమ్మ గొంతు పెంచలేదు. మిరపకాయల్లో తాలు ఏరుతూ, తల దించుకునే అంది. అయినా ఆ మాట కోడలు శౌరీలుకు సూటిగా తగిలింది. రేపు క్రీస్తు జ్ఞానస్నాన పండుగ. ఆ ఏడాది జ్ఞానస్నానం పొందిన పసివాళ్ల పేర్లు ఫాదర్‌గారు ఒక్కొక్కటే పిలుస్తారు. తల్లులు పీఠం ముందుకు వెళతారు. శౌరీలుకీ మూడు నెలల క్రితం గుంటూరు ఆసుపత్రిలో కొడుకు పుట్టాడు. అరగంట బతికాడు. ఫాదర్‌గారు వచ్చేసరికే కన్ను మూశాడు. జ్ఞానస్నానం లేదు, పేరూ లేదు. సమాధుల దొడ్డిలో గోడవార పాతిన చిన్న సిలువ మీద ఏమీ రాయలేదు.

“పిలవకపోయినా వెళతాను అత్తయ్యా. వాడు పుట్టాడని అయినా తెలియాలి కదా...”

“పుట్టాడని నాకు తెలియదా?”

అప్పుడే గుమ్మంలోకి ఒక నడివయసు మనిషి వచ్చి నిలబడింది. “గుర్తుపట్టారామ్మా? సర్దార్‌బీని. ఆసుపత్రిలో కాన్పుల గది ఆయాని. మా చెల్లెలిది మీ వెనక వీధే. మీ బాబుకు పేరు లేదని నిన్న అది చెప్పింది. అప్పట్నుంచీ ముద్ద దిగడం లేదు. ఒక మాట చెప్పాలి, తిట్టినా పడతాను.”

చెప్పింది. బిడ్డ నిలవడని డాక్టరమ్మ పెదవి విరిచింది. శౌరీలుకు మత్తు వదల్లేదు. ఫాదర్‌గారు అందకపోతే ఎవరైనా సరే బిడ్డ తల మీద నీళ్లు పోసి జ్ఞానస్నానం మాటలు చెప్పొచ్చని ఆసుపత్రిలో వెనకటి పెద్ద కన్యాస్త్రీ సిస్టరుగారు ఆయాలందరికీ నేర్పారు. తల్లి మెడలో జపమాల చూసి, సర్దార్‌బీ ఆ పని చేసింది. “సాయిబుల మనిషిని. మీరేమనుకుంటారోనని నోరు మెదపలేదమ్మా.”

“నువ్వు పోస్తే జ్ఞానస్నానం ఎట్టా అవుద్ది? అసలేం నీళ్లవి?” అంది ఇన్నాసమ్మ.

“కుళాయి నీళ్లే. చల్లగా ఉంటే కాసిని వేడినీళ్లు కలిపాను. పసిగుడ్డు, ఉలిక్కిపడతాడని.”

శౌరీలు గోడకు ఆనుకుని కూలబడింది. తన బిడ్డను ఎవరూ పట్టించుకోలేదనీ, చల్లటి రేకు బల్ల మీద ఒంటరిగా పోయాడనీ ఈ మూడు నెలలూ కుమిలిపోయింది. కానీ ఎవరో వాడికి చలివేస్తుందని ఆలోచించారు... అరగంట బతికేవాడి కోసం నీళ్లు గోరువెచ్చగా చేశారు. ఆమె సర్దార్‌బీ చేతులు రెండూ పట్టుకుని మొహానికి ఆనించుకుని ఏడ్చింది. వాడు పోయిన రోజు కూడా అంతలా ఏడవలేదు.

ముగ్గురూ ఫాదర్‌గారుండే గురువుల బంగళాకు వెళ్లారు. అంతా విని ఆయన ఆనాటి మాటలు మళ్లీ చెప్పమన్నారు. “పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున...” సర్దార్‌బీ తడబడుతూనే ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పింది.

“చెల్లుతుంది” అన్నారాయన. “ఇందులో మన యోగ్యత చూడరమ్మా. చూస్తే నేనూ ఇవ్వలేను. అందుకే వరప్రసాదం అన్నారు.” జ్ఞానస్నానాల పుస్తకం తెరిచారు. “బాబు పేరు?”

ఇన్నాసమ్మ ఉన్నట్టుండి నేల మీద కూర్చుండిపోయింది.

“నీ మొగుడు జోజి ఆ రోజు ఫాదర్‌గారి కోసం పరిగెత్తబోతే ఆపింది నేనే శౌరీ. వాడు నీకు చెప్పలేదు. పుట్టిన గడియలోనే ఫాదర్‌ని పిలిస్తే అపశకునం అనుకున్నాను. బావుంటాడులే, కోతలయ్యాక ఊరందరికీ భోజనాలు పెట్టి చేద్దామన్నాను. తీరా కబురు పంపేసరికి ఆలస్యమైపోయింది... నా మనవడికి పేరు లేకుండా చేసింది నేనే.”

శౌరీలుకు అనదలచిన మాటలు నోటిదాకా వచ్చాయి. ఎదురుగా అత్తగారి నెరిసిన తల, మిరప ఘాటుకు ఎర్రబడిన వేళ్లు కనిపించాయి.

“లేవండి అత్తయ్యా. ఫాదర్‌గారు అడుగుతున్నారు, పేరు మీరే చెప్పండి.”

“నేనా? నాకేం అర్హత?”

“అర్హత ఎవరడిగారు?” అంటూ చెయ్యి అందించింది శౌరీలు.

ఇన్నాసమ్మ ఆ చెయ్యి పట్టుకుని లేచింది. వినీ వినపడకుండా ఏదో అంది.

“గట్టిగా చెప్పమ్మా” అన్నారు ఫాదర్‌గారు.

“రాయప్ప, ఫాదర్. మా రాయప్ప.”