దానిమ్మల బల్ల మీద గసగసాల కాయ

"ఆమె అమ్ముడుపోయింది," చెవిలోని రిసీవర్‌లో చీఫ్ గొంతు. "శత్రువుల రింగ్‌కి మన ఏజెంట్లిద్దర్ని పట్టించింది. ఈ విందులో విదేశాంగ మంత్రికి విషం పెట్టబోయేదీ ఆమే. తేడాగా కదిలితే షూట్ చెయ్."

వెయిటర్ వేషంలో ఉన్న ఏజెంట్ ముంగిస ట్రే కింద పిస్టల్ సర్దుకున్నాడు. ఆ డబుల్ ఏజెంట్ అతని మేనమామ కూతురు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే కంచంలో తిని పెరిగారు.

మధ్యాహ్నపు విందు. బయటికి ఆమె యాంటిక్స్ వ్యాపారి. మెడలో ముత్యాలతో మెరిసిపోతూ, బల్ల మీద తాను సర్దించిన పాత వెండి సామాను గురించి అతిథులకు చెబుతోంది. వెనకే నీడలా హెడ్ స్టీవార్డ్, వెయిటర్లందరికీ పెద్ద. రింగ్ లీడర్ వాడేనని ముంగిసకు తెలుసు, రుజువే లేదు.

"ఇది పెళ్లి సెట్టండీ. ప్రతి చెంచా కాడ మీదా దానిమ్మ కాయే. గింజలెన్నున్నా తొక్క ఒకటే కదా, అందుకని ఐకమత్యానికి గుర్తు. చావు ఇళ్ల సెట్ల మీదైతే గసగసాల కాయ చెక్కేవారు. నల్లమందు కాయ కదా, మళ్లీ మెలకువ రాని నిద్రన్నమాట! చూడ్డానికి రెండూ అక్కాచెల్లెళ్లే. దానిమ్మకి కిరీటం, గసగసాల కాయకి చదును టోపీ. ఒకే బల్ల మీద రెండూ కలపరు."

ఆ చివరి మాట ముంగిస వైపు చూస్తూ అంది. పెదాల మీదున్న నవ్వు కళ్లలో లేదు.

"మంత్రి దగ్గరికి వెళ్తోంది!" ముంగిస కోటు గుండీలోని కెమెరాలో చూస్తున్న చీఫ్ అరిచాడు. "కాల్చు!"

ట్రే కింద పిస్టల్ మీదికి ముంగిస వేలు వెళ్లింది. కాల్చలేదు. సూప్ గిన్నె ట్రే మీద పెట్టుకుని బల్ల చుట్టూ నడిచాడు. దానిమ్మ. దానిమ్మ. దానిమ్మ. మంత్రి చేతిలోని చెంచా మీద... చదును టోపీ!

చెంచా పెదవుల దాకా వచ్చింది.

ముంగిస కాలు 'జారింది'. సూపంతా మంత్రి ఒళ్లో. చెంచా ఎగిరి అవతల పడింది. స్టీవార్డ్ చెయ్యి కోటులోకి పోయేలోగా ట్రే అంచు వాడి మణికట్టును విరిచింది.

వంటగదిలో మరదలు గోడకి చేరగిలబడింది.

"విషం పూయడానికి చెంచా ఇమ్మన్నాడు బావా ఆ స్టీవార్డ్. వాడికి కాయకీ కాయకీ తేడా తెలీదు. నీకు గుర్తుగా చావు సెట్లోది ఇచ్చాను. వాడు నా చేతులే చూశాడు, మాటలు వినలేదు."

"మరి మనవాళ్లిద్దరూ?"

ఆమె తల దించుకుంది. "నేనే పట్టించాను. లేకపోతే వాడు నన్ను నమ్మేవాడు కాదు."

"బతికే ఉన్నారా?"

"ఒకడున్నాడు."

రిసీవర్‌లో చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "మంత్రిగారు కంప్లైంట్ ఇచ్చారయ్యా. నీకు వడ్డించడం రాదట."

"నిజమే సర్. పొద్దున్నించీ ఇక్కడ ఎవరైనా నిజం చెప్పారంటే, ఆయనొక్కరే."